కుంచించుకుపోయిన మెదడుతో చేసిన పంపకం

ఇది రాయనే వద్దనుకున్నాను. సోడా అంగడోడికి వీలునామా ఏంది, నోటిమాట చాలదా అని ఊరుకున్నాను. నా కొడుకు వెంకటేశులు నా తల ఫిల్ము పట్టుకొని తిరగబట్టి రాస్తాండాను.

పుంగనూరు సోడా దొరస్వామి అనే నేను, డెబ్బై దాటినవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసిన వీలునామా. తగవంతా ఆ ‘పూర్తి తెలివి’ కాడనే ఉండాది.

కండ్లజోడు మార్పిస్తానని చెప్పి వెంకటేశులు నన్ను మద్రాసుకు పిలుచుకొని పోయినాడు. ఆడ నా తలను గుండ్రటి మిషన్లో దూర్చి, అడ్డంగా కోసినట్టు ఫొటోలు తీసినారు. కండ్లజోడు ఇంకా పాతదే. వాళ్ళమ్మ ఇందిరమ్మ తద్దినానికి బంధువులు కూడితే, విస్తరాకుల ముందర ఆ ఫిల్ము కిటికీ వెలుతురుకు పట్టి, నాయన మెదడు చిక్కిపోయింది, నాయన సంతకం ఇంక చెల్లదు అన్నాడు. మా ఎల్లప్ప బావ చూసి, ఎర్రగడ్డను పొరలు కనబడేట్టు కోసినట్టుందే అని, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు. నా పెండ్లాం తద్దినం రోజున నా తలకాయను నంజుకొని తిన్నారు.

మదనపల్లె డాక్టరు రంగనాయకులు ఫిల్ము చూసినాడు. మెదడు చిక్కింది నిజమే, మతిమరుపు మొదలైందీ నిజమే, అది ముదరనూవచ్చు, ఆడికే నిలవనూవచ్చు అన్నాడు. అయితే తన ఆస్తేందో, తన మనుషులెవరో ఎరిగినోడు వీలునామా రాయొచ్చు, ఆ సంగతి ఫిల్ము చెప్పదు అన్నాడు. మరిచేది దాచను. కుప్పం స్టేషన్లో దిగి, ఎందుకొచ్చినానో తెలీక తిరుగు రైలెక్కినాను. వెంకటేశులు ఇల్లు ఆడనే. ఆ పొద్దు నా మెదడు బాగానే పనిచేసిందనుకుంటా.

1. పుంగనూరు ఇల్లు, సోడా అంగడి, గోలీసోడా మిషను నా కూతురు చెంగమ్మకు. మొగుడు పోయినప్పటినుంచి ఆ మిషను తిప్పేది చెంగమ్మే. సీసా పగిలి ఆమె ఎడమ చేతికి మచ్చ పడింది. ఏ చేతికో వాళ్ళన్నను అడగండి. వాడు ఇల్లమ్మి, చెల్లెల్ని కుప్పంలో తన ఇంటి వెనక రూములో పెడతాడంట. పెట్టనీయను.

మిషను కథ కూడా చెప్పాల. పెద్దతిప్పసముద్రంలో కొని బండిమీద తెస్తాంటే, ఇందిరమ్మ పడిపోకుండా దాన్ని కావిలించుకొని కూర్చునింది. మొదటి సోడా ఆమే తాగింది. తేన్పు విని బండెద్దు చెవులు నిక్కించింది.

2. శాంతిపురం కాడ మెట్టచేను వెంకటేశులుకు. అంతా బండే. వాడు గ్రానైటు కంట్రాక్టరు, పగలగొట్టుకోనీ.

3. కండ్లజోడు గడియారాలు బాగుచేసే నా స్నేహితుడు అబ్దుల్ గఫారుకు. చెప్పిన కథే మళ్ళీ చెప్పినా కొత్తగా నవ్వుతాడు. ఈ వీలునామా జరిపించే భారమూ ఆయనదే.

4. ఫిల్ము దీనికే కుట్టినాను. తగవు కోర్టుకెక్కితే జడ్జిగారు వెలుతురుకు పట్టి చూడనీ. అందులో ఇందిరమ్మ యాడుండాదో, చెంగమ్మ యాడుండాదో వెంకటేశులు వేలుపెట్టి చూపిస్తే, నాకు తెలివి లేదని నేనే ఒప్పుకుంటాను.

పుంగనూరు, 14 ఆగస్టు 1986.
(సంతకం) దొరస్వామి

సాక్షులు: డాక్టరు రంగనాయకులు, మదనపల్లె; మునికృష్ణ, ఎదురింటి టైలరు.

చేర్పు: సాక్షులు సంతకాలు పెట్టి లేస్తాంటే, వాళ్ళకు సోడా తెమ్మని చెంగమ్మను ఇందిరమ్మా అని పిలిచినాను. చెంగమ్మ ఆఁ అని పలికి, రెండు సోడాలు తెచ్చింది.