చిన్ని సంచిలో సీసాలు

రుక్మిణీ,

మన సునీత పెద్దమనిషైన రోజు, ఏడో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చావు. సాయంత్రానికే భోకర్‌లో మీ అన్నకు తెలిసిపోయింది. పందిరి వేశారు, చుట్టాలొచ్చారు. నేను పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చున్నాను. పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదు.

నువ్వు పోయాక పుట్టిన సునీత కూతురు చిన్నిని మొన్న నాందేడ్‌లో డాక్టరమ్మకు చూపించాం. ఎనిమిదేళ్లకే పెద్దమనిషైంది, రుక్మిణీ. ఒంటికి ఏమేం పూస్తున్నారని ఆమె అడిగింది. క్రీముల్లో, సెంట్లలో కలిపే కొన్ని రసాయనాలు హార్మోన్లలా పనిచేయవచ్చని నేనూ చదివాను. వాటివల్లే అయిందని చెప్పలేమంటూనే, అవన్నీ మానిపించమంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే చిన్ని తన లోషన్లు, గోళ్లరంగులు, సెంటు సీసాలు సంచిలో వేసి నా ముందు పెట్టింది. వాటిలో సగం నేను కొనిచ్చినవే.

"తాతా, గివి రాసుకున్నందుకే గిట్లయిందా? తప్పు నాదేనా?"

"ఎవ్వరి తప్పు కాదు బిడ్డా."

సునీత తలుపు దగ్గరగా వేసింది. "బాపూ, ఎవ్వరికి చెప్పకు. పిల్ల రేపు బడికి పోవాలె."

నేను ఎవరికీ చెప్పలేదు. పొద్దున నేనే బడికి తీసుకెళ్లాను. గేటు దాకా చిన్ని నా వేలు వదల్లేదు.

ఎవ్వరి తప్పు కాదని చిన్నితో అన్న మాట నీతో అనడానికి నాకు నోరు రావడం లేదు. సునీత చదువు పోయినందుకు నేనిప్పటికీ తప్పుపట్టేది నిన్నే, రుక్మిణీ.