పదిహేడు కనురెప్ప

జూలై 4, ఆదిలాబాద్
ముసురు. గొర్రెల నట్టల టీకా పరీక్ష మొదలై ఇరవై రోజులు. నాకు అప్పగించిన మందలో నలభై పిల్లలు. సగానికి టీకా, సగానికి ఉత్త ఉప్పునీళ్లు. దేనికేది పడిందో నాకూ తెలియదు — ఆ చిట్టా కరీంనగర్‌లో, పరీక్ష నడిపే సార్ దగ్గర, సీలు వేసిన కవరులో. నాకు చెవి నంబర్లే.
గదిలో మాట్లాడటానికి ఎవరూ లేరు. మాటలంటే నాకిష్టం. అందుకే ఈ పుస్తకం.

జూలై 7
గొర్రెపిల్ల కింది రెప్ప లాగి చూడటం వచ్చేసింది. నట్టలంటే పురుగులు, కడుపులో చేరి రక్తం తాగుతాయి. రెప్ప లోపలి ఎరుపు వెలిసిపోతుంది. రంగుల అట్ట మీద ఐదు మెట్లు, ఐదు అంకెలు. అంకెలు చాలలేదు. నేను పెట్టుకున్న పేర్లు — దానిమ్మ గింజ, మోదుగ పువ్వు, జామ గుజ్జు, అటుకులు, సున్నం.
మంద లచ్చవ్వది. విని ఒకటే నవ్వు. "గొర్రె కండ్లల్ల దానిమ్మలు గాసినయా బిడ్డా?"

జూలై 11
సగానికి ఉప్పునీళ్లెందుకని లచ్చవ్వ అడిగింది. ఇంగ్లీషు మాట ఒక్కటీ రానివ్వకుండా చెప్పాను: ఒకే మడిలో సగానికి ఎరువు వేసి సగం వదిలేస్తేనే కదా, ఎరువు పని తెలిసేది! తల ఊపింది.
ఎంత మంచి పోలిక. వానలో తడుస్తూ వచ్చాను, గొడుగు చేతిలోనే ఉన్నా.

జూలై 12
ఆదివారం. కిరాణా కొట్టులో "ఒక్కటి చాలు" అన్నాను. ఇవాళ నేను పలికిన మాటలు అవే.

జూలై 18
పదిహేడు అటుకుల రంగుకు దిగింది. తల్లి చనిపోతే లచ్చవ్వ సీసాపాలు పట్టి పెంచిన పిల్ల. నాలుగో మెట్టు. ఐదుకు వస్తేనే నట్టల మందు పోసి పరీక్ష నుంచి తీసేయాలి. నియమం.
"సున్నమయ్యేదాక ఆగుతరా?"
"రోజూ సూస్త లచ్చవ్వా."
"సూసుడేనా!"

జూలై 26
మందు పోయకుండానే పదిహేడు — జామ గుజ్జు! పెంటికల్లో నట్టల గుడ్డు ఒక్కటీ లేదు. మైక్రోస్కోపు కింద మూడుసార్లు చూశాను. సార్‌కు ఫోన్. ఎన్నడూ నవ్వని మనిషి నవ్వారు. "మంచిగ పట్టినవ్. కవరిప్పిననాడు ముందుగల గీ పిల్లనే సూద్దాం."
ఇంటికీ చేశాను. హుజూరాబాద్‌లో మా ఇంటి పక్క మరమగ్గాల చప్పుడు... అవ్వకు సగం వినపడలేదు. "తిన్నవా?" అంది.

జూలై 27
లచ్చవ్వ చాయ్ ఇచ్చింది. నా ముఖం చూడకుండా —
"నువ్వే అన్నవ్ గద, సగం మడికి ఎరువెయ్యరని. నా పిల్ల గా సగంల ఉంటే? నట్టల మందు పోసిన."
"ఎప్పుడు?"
"సూసుడేనా అన్న గద... గానాడే."
చాయ్ గ్లాసు కింద పెట్టాను.
"మీ సార్‌కు జెప్పకు బిడ్డా. నా గొర్లను తీసేస్తరు. ఇగ నువ్వు గూడ రావు."
ఆ పోలిక నాదే. ఎంత బాగా చెప్పాననుకున్నాను!

జూలై 28
రిజిస్టరులో పదిహేడు పక్కన ఖాళీ గడి. 'యజమాని నట్టల మందు పోసింది.' నాలుగే మాటలు. రాస్తే ఈ గొర్రెల మంద మొత్తం పరీక్ష నుంచి పోతుంది, నన్ను వెనక్కి పిలుస్తారు. ఈ ఊళ్లో నన్ను బిడ్డా అనే గొంతు ఒక్కటే. రాయకపోతే — రేపు ఈ టీకాను నమ్మి మందు మానేసే మందలు? వాటిలోనూ సీసాపాల పిల్లలుంటాయి.
మాటలంటే ఇష్టమని ఈ పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

జూలై 29
సార్ మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.
మంద దగ్గరికి వెళ్లాను. పదిహేడు పరుగెత్తుకొచ్చి నా చున్నీ నమిలింది. రెప్ప లాగాను. మోదుగ పువ్వు. రంగు గడిలో 'రెండు' వేశాను. పక్క గడిలో 'యజమాని' అని రాశాను...
గుడిసెలోంచి పిలుపు — "బిడ్డా, చాయ్ అయింది, రా!"
పెన్ను ఇంకా ఆ మాట చివరే ఉంది.