తలుపు కింద రెండు వేళ్ళ సందు

ఒరేయ్ పిరికోడా,

కవరు బరువు చూసి కోర్టు నోటీసేమో అనుకోకు. ఇందులో ఇరవై మూడు బొమ్మల పేజీలూ ఈ ఉత్తరమూ ఉన్నాయి. ముందు ఉత్తరం చదువు.

మీ అక్క దయ్యాల బొమ్మల కథ గీసింది. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్ళు చేసేదానికి ఇదేం పిచ్చి అంటావేమో. పదిహేనేళ్ళుగా పింగాణీ పన్ను మీద వెంట్రుకంత గీత దిద్దుతున్న చెయ్యి ఇది. ఆ సన్నకుంచెతోనే సిరా పూశాను. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకో, బాగా గీశాను. మొదటిసారి మాత్రం బోల్తా పడ్డాను. అప్పటి దయ్యాన్ని మా ల్యాబు పెద్దాయనకు చూపిస్తే, కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూసి, "పై పళ్ళూ కింది పళ్ళూ భలే కలిశాయమ్మా" అన్నాడు. దయ్యాన్ని చూసి ఎవరైనా అనే మాటేనా? దానికి ముప్పై రెండు పళ్ళూ లెక్కగా పెట్టి, భయం పెట్టడం మర్చిపోయాను.

నేను నిజంగా ఎప్పుడైనా ఎవరినైనా భయపెట్టానా అని అప్పుడు కూర్చుని ఆలోచించాను. పెట్టాను. నిన్నే.

నాకు పదకొండు, నీకు ఎనిమిది. అమ్మ డ్యూటీలో ఉంది. నోటుపుస్తకంలో నేను గీసిన దయ్యాన్ని చూసి నువ్వు, "దీనికి జలుబు చేసిందా అక్కా?" అని పడీ పడీ నవ్వావు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు బంతి కోసం సామాన్ల గదిలోకి వెళ్ళగానే తలుపు వేసేశాను. బయట కొక్కెం దానంతటదే పడిందని ఇంట్లో అందరూ ఇప్పటికీ అనుకుంటున్నారు కదా, అది పడలేదురా. నేనే వేశాను.

నువ్వు అరిస్తే తీద్దామని తలుపు దగ్గరే నిలబడ్డాను. నువ్వు అరవలేదు. దానికీ నాకు కోపం వచ్చింది. ఇంతలో మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు. కొక్కెం తీస్తూ దొరికిపోతానని పరుగెత్తుకెళ్ళి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తమ్ముడేడీ అని అమ్మ అడిగితే తెలియదన్నాను. ఆవిడ ఇల్లంతా వెతికి ఆ తలుపు తీసేసరికి నువ్వు చెమటతో ముద్దయిపోయి ఉన్నావు. "ఎవరో కొక్కెం వేశారు" అన్నావు. అది వదులు కొక్కెం, తలుపు గట్టిగా పడితే అదే పడుతుంది అన్నాను నేను. అమ్మ నా మాటే నమ్మింది. అన్నం దగ్గర నిన్ను మొదట పిరికోడు అన్నది కూడా నేనే. ఆ పేరు నీ పెళ్ళిదాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళు నోరు విప్పలేదు, సిగ్గుగా ఉంది.

కథ పేరు కొక్కెం. అందులో దయ్యం ఒక పదకొండేళ్ళ పిల్ల. ఆఖరి పేజీ మాత్రం కుదరడం లేదు, ఆరుసార్లు చించేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం లైబ్రరీ హాల్లో నాలాంటివాళ్ళంతా సొంతంగా చేసిన పుస్తకాలు బల్లల మీద పెడతారు. కాపీలు తీయించి కుట్టుకోవాలి. కానీ ఇందులోని భయం నీది. వద్దంటే మొత్తం చించేస్తాను. బింకానికి అనడం లేదు.

నీ అక్క

*

అక్కా,

ఉత్తరం ముందు చదవమన్నావు. నేను బొమ్మలే ముందు చూశాను. చెక్కపనివాడిని, చెయ్యి ఊరుకోదు.

పళ్ళ విషయంలో నీకు తిరుగులేదు గానీ తలుపు దగ్గర పప్పులో కాలేశావు. పదో పేజీలో తలుపు తిరిగే బందులున్న వైపే కొక్కెం పెట్టావు. నేను అలాంటి తలుపు చేసిస్తే జనం తంతారు. అది దిద్దుకోవచ్చు. అసలు తప్పు ఇంకోటుంది. ప్రతి బొమ్మలోనూ తలుపును నేలకు ఆనించేశావు. ఆ తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉండేది. నువ్వు బయట ఉన్నావు కాబట్టి నీకు గుర్తుండదు. నేను లోపల నేల మీద బోర్లా పడుకుని అందులోంచే చూశాను.

రెండు చెప్పులు కనిపించాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే అమ్మ పెట్టిన పిన్నీసు తళతళ మెరుస్తోంది. నాకు ఆ రోజే తెలుసక్కా.

నువ్వు అక్కడ ఉన్నంతసేపూ నాకు భయం వేయలేదు. అక్క ఉందిగా, తీస్తుందిలే అనుకున్నాను. అందుకే అరవలేదు. తర్వాత ఆ చెప్పులు వెళ్ళిపోయాయి. సందులో ఉత్త వెలుతురు మిగిలింది. అప్పుడు వేసింది భయం. ఎక్కడికి పోయావా అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. లెక్కల పుస్తకం దగ్గరికా!

అమ్మతో ఎవరో అన్నాను గానీ నీ పేరు చెప్పలేదు. ఇంకోసారి నన్ను ఏడిపిస్తే నీ రంగులపెట్టె పొయ్యిలో వేస్తానని ముందురోజే అమ్మ నీతో అంది. గుర్తుందా? అది పోతే నువ్వు తట్టుకోలేవని నాకు తెలుసు. కానీ అదే రోజు నువ్వు నాకు ఆ పేరు పెట్టావు. దానికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. నువ్వే చెబుతావని చూశాను.

చివరి పేజీ లోపలి నుంచి గీయి. పేజీని రెండు గడులు చెయ్యి. మొదటి గడి అంతా నలుపు, అడుగున సన్నటి వెలుతురు, అందులో రెండు చెప్పులు. పక్క గడిలో అదే నలుపు, అదే వెలుతురు, చెప్పులు మాత్రం ఉండకూడదు. ఇంకేమీ వేయకు. దానికి పళ్ళు అక్కర్లేదు.

పుస్తకం వేసుకో, నాకు ఇష్టమే. ఒక్క షరతు. హాల్లో పెట్టకముందే అమ్మకు చెప్పాలి. నీ మొదటి దయ్యాన్ని చూసి నవ్వాను, ఈసారి నవ్వలేదు. పేజీలు మూసి, పట్టపగలు పనిలో ఉండి కూడా, లేచి వెళ్ళి షెడ్డు తలుపు బార్లా తీసి వచ్చాను.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

హాలు సంగతి ముందు చెబుతాను. తీసుకెళ్ళిన కాపీలన్నీ అయిపోయాయి. గడ్డం ఉన్న ఒకాయన ఖాళీ గడి దాకా చదివి, చెప్పులు నిజంగానే పోయాయా అని వెనక్కి తిప్పి చూసుకున్నాడు. నా బల్ల పక్కనే నిలబడి ఇదంతా చూసి గర్వపడ్డాను. అట్ట వెనక "తలుపు సరిచూసినవాడు: మా తమ్ముడు" అని వేశాను. బందులు మార్చాను.

షరతు అంతకుముందు రోజే తీర్చాను. ఇల్లు చేరేదాకా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ వెళ్ళాను. అమ్మ ముందు కూర్చోగానే అదంతా వదిలేసి పుస్తకం చేతిలో పెట్టేశాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో గడినీ వేలితో తడుముతూ చదివింది. ఆఖరి పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈ పిన్నీసు నేను పెట్టిందే కదే."

అవునన్నాను. కొక్కెం నేనే వేశానన్నాను. అమ్మ, ఆ రోజు వాడినే తిట్టానే అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత పుస్తకం మూసి నా వైపు చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ పిరికిది నువ్వన్నమాట."

ఇట్లు,
పిరికిది