పిడికెడు బియ్యం కుండ

ఏర్పేడు, 1944 జూలై, శనివారం

వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా చర్చికని ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది మా అమ్మ నేర్పింది. పోయిన నెల రేషన్ బియ్యం రాక, పిల్లోళ్లు ఆకలని ఏడస్తా ఉంటే ఆ కుండలోనే చెయ్యి పెట్టినాను. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. అప్పటి నుంచి ప్రార్థనకని మోకాళ్లేసినా నోట్లో మాట రాలేదు. దేవుని సొమ్ము తిన్నదాన్ని, ఏ మొగం పెట్టుకుని పిలిచేది?

ఈ పొద్దు సాయంత్రం బియ్యానికని పాస్టరమ్మ వచ్చింది. అడుగు కనపడతా ఉన్న కుండను ముందర పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసినాను.

ఆమె కుండలోకి తొంగి చూసింది. "ఈ బియ్యం యాడికి పోతాయనుకున్నావు మేరీ? పస్తులున్న ఇండ్లకే కదా. నీది ఇల్లు కాదా?" అనింది. మళ్లా, "నాకు చెప్పలేదు, సరే. దేవునికైనా చెప్పుకోకుండా ఇన్నాళ్లు ఎట్లున్నావే?" అనింది.

రాత్రి ప్రార్థనలో మా ఆయన ముగించినాక గట్టిగానే ఆమెన్ అన్నాను. ఆయన కండ్లు తెరిచి నా పక్క చూసినాడు. చర్చిలో సంఘ పెద్ద కదా, ఆయనకింకా ఈ సంగతి తెలీదు. రేపు చర్చికి పోయే ముందరే చెప్పల్ల. కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడడేమో...

మాట్లాడకపోనీ. దేవునితో నాకు మళ్లీ మాటలు కలిసినాయి.