సౌండు రాని పెదనాయన

రామకుప్పం,
సోమవారం.

పెదనాయనకు ఫెబా వందనాలు.

ఫోను చేస్తే "తెలుగు టీచరువి, ఉత్తరం రాయి" అని పెట్టేశారు గనక రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది కార్డు మీద వెనక్కి పంపకండి. పోయినసారి పోస్ట్‌మ్యాన్ మొత్తం చదివి, "ఒత్తులు సూసుకోవల్ల టీచర్" అని నాకు సలహా ఇచ్చి పోయాడు.

సంగతేమిటంటే, ఏడో తరగతి పిల్లలకు సొంతంగా రాయడం రావడం లేదని మమ్మల్ని కుప్పానికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఇక మీదట వీడియోలు చూపించి రాత నేర్పాలట. ముందు చూడాలి, తరువాత దాని గురించి మాట్లాడుకోవాలి, ఆ తరువాత రాయాలి. ఆలోచన మంచిదే. కానీ వాళ్లిచ్చిన మొదటి వీడియోలో ఎక్కడో మంచు కురుస్తోంది. మా పిల్లలకు మంచు ఏం తెలుసు? సగం మంది "ఉప్పు లారీ పల్టీ కొట్టినాది" అని రాశారు. మిగతా సగం మంది వాళ్లను చూసి రాశారు.

అందుకని మన వీడియో మనమే తీసుకుందామని నా ఆశ. మీరు పుంగనూరులో ఒక తరం పిల్లలకు తెలుగు చెప్పినవారు. వర్ణన ఎలా రాయాలో నాలుగు మాటలు చెప్పండి. పెద్దమ్మ తన ఫోనులో తీసి పంపుతుంది.

మీ ఎర్ర సిరాకు భయపడే,
ఫెబా

తా.క. నాలుగు మాటలంటే నాలుగు నిమిషాలని మీకు స్పష్టంగా రాయమని పెద్దమ్మ నాకు విడిగా ఫోను చేసి చెప్పింది.


పుంగనూరు,
గురువారం.

చిరంజీవి ఫెబాకు పెదనాయన బర్నబాస్ దీవించి రాయునది.

రాయడం నేర్పడానికి వీడియోనా! ఈత నేర్పమంటే ఈతచాప పరిచినట్టుంది. అయినా అడిగింది నువ్వు కాబట్టి కాదనలేకపోయాను.

కోటు తొడుక్కున్నాను. మదనపల్లెలో కట్టించుకున్న కొత్త పళ్ల సెట్టు పెట్టుకున్నాను. వర్ణనకు ప్రాణం అలంకారం గనక ఉపమతో మొదలుపెట్టి, రూపకం మీదుగా ఉత్ప్రేక్ష చేరుకున్నాను. ఏనుగును ఎలా వర్ణించాలో చెప్పేటప్పుడు రెండు చేతులూ బారచాపాను. పూలకుండీ ఒకటి పడిపోయింది. పాఠం ఆగలేదు. మధ్యలో మీ పెద్దమ్మ జ్ఞానమ్మ చేయి నొప్పి అని ఫోను కిందికి దించింది. అక్కడ నా చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. చెప్పుల దగ్గర కూడా విషయం ఉంది, పిల్లలను శ్రద్ధగా వినమను.

పాఠం పంపి పరీక్ష కోసం ఎదురుచూస్తున్న,
బర్నబాస్

తా.క. నాలుగు నిమిషాలన్నావు. ఉపోద్ఘాతం సరిగ్గా అంతే వచ్చింది.


రామకుప్పం,
బుధవారం.

పెదనాయనకు ఫెబా వందనాలు.

మీ వీడియో చూపించాను. నా క్లాసులో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. చరణ్ అని ఒకడున్నాడు. వాడు ఏ పరీక్షలోనైనా ప్రశ్న ఒక్కటి చక్కగా చూసి రాసి పెట్టి, జవాబు దగ్గర విశ్రాంతి తీసుకుంటాడు. అలాంటివాడు తలెత్తకుండా రాశాడు. రేవతి అదనపు కాగితం అడిగింది! మా బడిలో అదనపు కాగితం ఎక్కడుంటుందో నాకే తెలియక వెతుక్కున్నాను.

సంతోషంతో,
ఫెబా

తా.క. "ఆ తాత సేతులు బలే మాట్లాడతాండాయి టీచర్" అని ఉషా అంది.


పుంగనూరు.

ఫెబా,

కార్డులో చోటు తక్కువ. నీ ఉత్తరాన్ని ఆదివారం చర్చిలో వాక్యం చదివే ముందు అందరికీ వినిపించాను. కొందరు ఆమేన్ అన్నారు. పిల్లల రాతలు వెంటనే పంపు. కొత్త ఎర్ర సిరా బుడ్డి తెప్పించాను.

బర్నబాస్

తా.క. నిశ్శబ్దం గురించిన వాక్యాన్ని రెండోసారి కూడా చదివాను.


రామకుప్పం,
శుక్రవారం.

పెదనాయనకు వందనాలు.

అడిగారు గనక కొన్ని పంపుతున్నాను. పిల్లలు విషయాన్ని కాస్త స్వేచ్ఛగా తీసుకున్నారు. స్వేచ్ఛ ఇవ్వమని శిక్షణలో కూడా చెప్పారు. చదివేటప్పుడు పెద్దమ్మ పక్కన ఉంటే మంచిది.

ఫెబా

తా.క. బీపీ మాత్ర వేసుకున్నాకే కవరు చించండి.


పుంగనూరు,
మంగళవారం.

ఫెబాకు,

చదివాను.

నేను చెప్పింది ఉపమాలంకారం. చరణ్ రాసింది: "ఈ తాత టమాటాలు మదనపల్లె మండీకి ఏసుకొనిపోతే రేటు పడిపోయింది. అందుకే గుండెలు బాదుకుంటాండాడు." నేను చెప్పింది రూపకం. ఉషా రాసింది: "ఏనుగు ఇంత లావుండాది, మా రాగి చేను తొక్కేసింది అని ఆఫీసర్లకు సెప్తాండాడు. వాళ్లు ఇనలేదు." రేవతి ఇంకొంచెం ముందుకు పోయింది: "ఇంట్లో అవ్వ తలుపు తీయలేదు. తాత బతిమాలుతాండాడు. మధ్యలో అవ్వ కాళ్ల మీద పడినాడు, అందుకే చెప్పులు కనిపిస్తాండాయి."

మొదట నీ పిల్లలను తప్పుపట్టాను. తరువాత ఆలోచించాను. క్లాసులో ఒక్కరికీ నా మాట అర్థం కాలేదంటే లోపం ఎక్కడుంది? పళ్ల సెట్టులో. వెంటనే మదనపల్లెకు పోయాను. ఏదైనా మాట్లాడి చూపించమన్నాడు డాక్టరు. ఉత్ప్రేక్షకు లక్షణం చెప్పి ఉదాహరణలు ఇచ్చాను. "పళ్లు బాగున్నాయి సార్" అన్నాడు. మిగతా దాని గురించి ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను భయపెడుతోంది.

ఈ ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి లేవలేదమ్మా. ఇన్నేళ్లలో ఇదే మొదలు. అర్థం కాకుండా చదివి వాక్యాన్ని అవమానించడం ఎందుకు? మీ పెద్దమ్మను అడిగితే, "మీరు సెప్పేది బాగానే అర్థమైతాండాది, ఇంక ఆపండి" అంటుంది. ఆమె సాక్ష్యం చెల్లదు. అర్థం కాకపోయినా ఆపమనే అంటుంది.

మాట పోయిన మాస్టరు,
బర్నబాస్

తా.క. ఎర్ర సిరా వాడలేదు. దిద్దడానికి నాకు ఇంక ఏం హక్కుంది?


రామకుప్పం,
శుక్రవారం.

పెదనాయనా,

నన్ను క్షమించండి. మీ పళ్లకు ఏమీ కాలేదు. మా బడి టీవీకి సౌండు రాదు.

స్పీకరు వైరును ఎలుక కొరికేసింది. మీ వీడియో పెట్టాకే ఆ సంగతి తెలిసింది. మీరు నోరు తెరిచారు, వేలెత్తారు, చేతులు చాచారు. ఒక్క అక్షరం వినిపించలేదు. ఆపేద్దామనుకునేలోగా ఉషా లేచి, "టీచర్, ఆ తాత ఏం సెప్తాండాడు?" అంది. "ఏనుగొచ్చింది అంటాండాడు" అన్నారు ఎవరో. "కాదు, టమాటా రేటు" అన్నాడు చరణ్. "నీ మొహం, ఇంట్లో కొట్లాట" అంది రేవతి. క్లాసంతా గోల. "అరవకండి, ఎవరికి తోచింది వాళ్లు రాసి చూపించండి" అన్నాను. రాశారు! ఒకరిని చూసి ఒకరు రాయలేదు, ఎందుకంటే పక్కవాడు రాసింది తప్పని ప్రతివాడికీ గట్టి నమ్మకం. ఆ సంతోషంలో మీకు సగం నిజమే రాశాను. మిగతా సగం రాయడానికి చేయి రాలేదు.

ఇంకొకటి ఉంది. టీవీ పాడైందని తెలియని పిల్లలు మీరు పుట్టుమూగ అని తేల్చేశారు. ఉషా వాళ్ల అవ్వ బుజ్జమ్మ, "పాపం, కోటేసుకున్న పెద్దమనిషి, దేవుడు నోరు ఇయ్యలేదే" అని కళ్లనీళ్లు పెట్టుకుందట. నేను కాదని చెప్పేలోపల అందరూ కూడి మీకు ఉత్తరాలు రాసి, నా కవరు మీద అడ్రసు చూసి పోస్టులో వేసేశారు. ఎవరూ అడగకుండా, మార్కులు లేకుండా మా పిల్లలు కాగితం మీద పెన్ను పెట్టడం ఇదే మొదటిసారి. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. ఇప్పుడు నిజం చెబితే మళ్లీ ఎవరికీ ఉత్తరం రాయరేమోనని భయం. ఏం చేయమంటారు?

తలవంచుకున్న,
ఫెబా

తా.క. దయచేసి ఆదివారం వాక్యం మీరే చదవండి. అందరికీ వినిపిస్తుంది. పలమనేరు దాకా వినిపిస్తుంది.


పుంగనూరు,
బుధవారం.

ఫెబాకు,

నీ ఉత్తరమూ వాళ్ల ఉత్తరాల కట్టా ఒకే పూట వచ్చాయి. నీది చదివి పట్టలేనంత కోపం వచ్చింది. నేను మూగా? నేను? వీధిలో ఎవరినైనా అడుగు!

ఆ తరువాత కట్ట విప్పాను. చరణ్ రాశాడు: "తాతా బాగుండావా. మా చేన్లోకి ఏనుగులొస్తే మేము డబ్బా కొట్టి అరుస్తాము. నీకు అరిసేదానికి రాదు కదా. మీ పక్కకి ఏనుగొస్తే ఎట్ల చేస్తావు? నువ్వు ఈడికి వస్తే మా డబ్బా నీకిస్తా." ఇక రేవతి: "మాకు సెప్పేవాళ్లు శానా మంది ఉండారు. నువ్వు ఒక్కడివే ఏమీ సెప్పకుండా మమ్మల్ని రాయనిచ్చినావు."

ఈ రెండో వాక్యం దగ్గర ఎర్ర సిరా మూత తీశాను. మళ్లీ పెట్టేశాను.

అయితే అబద్ధం మీద పాఠం నిలబడకూడదు. శనివారం పొద్దున వస్తున్నాను. పలమనేరులో బస్సు మారి మీ ఊరికి చేరుకుంటాను. పిల్లల ముందు నిలబడి నాకు నోరుందని రుజువు చేస్తాను.

సశబ్దంగా,
బర్నబాస్

తా.క. గంట పాఠం సిద్ధం చేశాను. "ఆ పిల్లోళ్లు ఏం పాపం చేసినారు?" అంటోంది మీ పెద్దమ్మ.


పుంగనూరు,
సోమవారం.

అమ్మా ఫెబా,

నోరుందని రుజువు చేస్తానని వచ్చినవాణ్ణి రోజంతా పెదవి కదపకుండా తిరిగి వచ్చేశాను. నువ్వు క్లాసు వాకిట్లో నిలబడి నోరు తెరుచుకుని చూడటం గమనించాను. జవాబు చెప్పాలి.

గేటు దగ్గర "ప్రియమైన విద్యార్థులారా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. అంతలో చరణ్ ఎదురొచ్చి సొట్టలు పడిన నూనె డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎలా కొట్టాలో కర్రతో చేసి చూపించాడు. నాకు తెలియాలని పెదవులు మెల్లగా కదుపుతూ "ఏ...ను...గు" అన్నాడు. ఉషా కుర్చీ తెచ్చి వేసింది. రేవతి నా కోటుకంటిన దుమ్ము దులిపింది. ఆ ముఖాల మీద నా ఉపోద్ఘాతం ఎలా కుమ్మరించేది చెప్పు? నోరు మూసుకున్నాను.

అలా మొదలైంది, ఇక వెనక్కి రాలేకపోయాను. నేను సైగ చేయడం, వాళ్లు దాన్ని రాయడం. ఒక పిల్ల వాక్యంలో తప్పు కనిపిస్తే చెప్పే దారిలేక వేలు పెట్టి చూపించాను. కాసేపు చూసి తనే దిద్దుకుంది. నేను నోటితో చెప్పి ఉంటే ఆ తప్పుతోపాటు సంధి సూత్రం కూడా చెప్పి ఉండేవాణ్ణి. ఇది నాకు కొంచెం కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

నిన్న చర్చిలో వాక్యం నేనే చదివాను. చదివి ఊరికే కూర్చున్నాను, వివరణ ఏమీ కలపలేదు. పాస్టరు గారు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగారు.

పిల్లలకు మాత్రం నిజం తెలియనివ్వకు. వాళ్ల మనసు విరగ్గొట్టొద్దు.

ఇట్లు,
మూగ తాత

తా.క. ఆపుకున్న మాటల్లో సగం తిరుగు బస్సులో డ్రైవరుకు చెప్పాను. మిగతా సగం మీ పెద్దమ్మకు. ఇద్దరూ కృతజ్ఞత చూపలేదు.


రామకుప్పం,
శుక్రవారం.

మూగ తాతకు ఫెబా వందనాలు.

మీ మాట ప్రకారం నేను పెదవి విప్పలేదు. "మా బడికి వచ్చిన అతిథి" అని పేరు పెట్టి రాయమన్నాను, అంతే. ఉషా రాసింది ఉన్నదున్నట్టు దింపుతున్నాను. కూర్చుని చదవండి.

"శనివారం పొద్దున తాతను పిలుచుకొని వచ్చేదానికి మేము టీ బంకు కాడ నిలబడుకొని ఉంటిమి. బస్సు స్టాపు దాటి పోయి నిలిచింది. తాత దిగి కండక్టరు మీద అరిసినాడు. తాత గొంతు మా చర్చి మైకు మాదిరి ఉండాది. ఆడ ఏనుగు ఉండుంటే అడవిలోకి పారిపోయుంటాది. తాత మూగోడు కాదని మాకు తెలిసిపోయింది. మేము తాతకు కనపడకుండా అడ్డదారిలో బడికి పరిగెత్తినాము. 'ఇంక డబ్బా ఎందుకియ్యల్ల?' అని చరణ్ అడిగినాడు. రేవతి ఏమనిందంటే, 'వీడియోలో మూగోని మాదిరి ఎంత బాగా చేసినాడు. ఈడ గూడా చేసి సూపించేదానికే అంత దూరం నుంచి వస్తాండాడు. మనకు తెలిసిపోయింది అంటే పాపం బాధపడతాడు. డబ్బా ఇచ్చేయ్, మెల్లగా మాట్లాడు.' చరణ్ కూడా బాగానే చేసినాడు. తాత సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. శానా కష్టపడినాడు. మెడ నరాలు పైకి లేచినాయి. మాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. టీచరుకు సెప్పలేదు, టీచరు తాతకు సెప్పేస్తాది అని."

క్లాసంతా ఇదే సంగతి రాశారు. చూసి రాసింది మాత్రం కాదు. కండక్టరును మీరు అన్న మాట ఒక్కొక్కరి కాగితంలో ఒక్కో రకంగా ఉంది. వాటిలో సరైనది ఏదో మీరే చెప్పాలి, ఉత్తరంలో రాయదగినదైతే.

మీరు మళ్లీ ఎప్పుడొస్తారని రోజూ అడుగుతున్నారు. వచ్చాక మాట్లాడతారో, మానుతారో మీ ఇష్టం. వాళ్లు రెండింటికీ సిద్ధంగా ఉన్నారు.

నోరు జారిన,
ఫెబా

తా.క. పిల్లలు ఇంత బాగా ఎలా రాశారో నివేదిక పంపమని కుప్పం నుంచి అడిగారు. నివేదిక ఎలా రాయాలో చెప్పే వీడియో కూడా పంపారు. నా ఫోనులో పెట్టుకుని చూశాను. దానికి సౌండు ఉంది. ఏమీ అర్థం కాలేదు.