అడ్డం మొలిచిన పన్ను

శుక్రవారం, రాత్రి

శ్రావ్యకు కింది దవడ చివర జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందంటే ఈ రోజు కరీంనగర్ తీసుకెళ్లి పీకించాను. ఉమ్మకూడదు, గట్టిగా పుక్కిలించకూడదు, గడ్డకట్టిన నెత్తురు ఊడితే నొప్పి ఇంకా పెరుగుతుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చేసరికి పిల్ల చెంప ఉబ్బింది. నోరు తెరవలేకపోతోంది.

సాయంత్రం దుబాయి నుంచి వాళ్ల బాపు వీడియో కాల్ చేశాడు. ఆయనకు శుక్రవారం సెలవు కదా, గదిలో కూర్చుని అన్నం తింటున్నాడు. బిడ్డకు మాట్లాడరాదు కనుక అన్నీ నన్నే అడిగాడు.

"పీకేటప్పుడు తెలుస్తదా?"

"సూది ఇస్తరు. తెల్వది."

"గోలీలు ఏస్కుంటే ఆగదా? తీయాల్సిందేనా?"

"అడ్డం మొలిస్తే గోలీలతోని ఎన్ని దినాలు ఆపుతం? మళ్ల మళ్ల చీము పడుతదట."

"తెల్లారి పనికి పోవచ్చా?"

"పనేంది? కాలేజీకా? రెండు మూడు దినాలు వద్దన్నరు."

బిడ్డ మీద ఎంత ఫికరో అని మురిసిపోయాను. శ్రావ్య మాత్రం ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. తన చెంప మీద వేలు పెట్టుకుని, అదే వేలు తెర మీద ఆయన చెంపకు ఆనించింది.

అప్పుడు చూశాను. ఆయన ఒక్క వైపే నములుతున్నాడు. పోయిన శుక్రవారం కూడా అలాగే తిన్నాడు.

"సిగ్నల్ మంచిగ లేదు" అని పెట్టేశాడు.

అబద్ధం. బొమ్మ అద్దంలా ఉంది.

మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. శ్రావ్యకైతే దవాఖానలో కుర్చీ పక్కన నేను నిలబడ్డాను. అక్కడ ఆయనకు...