మోకాలి కింద గీత

కూర్మన్నపాలెం, యల్లపు జగ్గయ్య కుమారుడు నీలకంఠం అనే నేను, పరదేశపు రేవు బయట లంగరు వేసి ఉన్న సరుకు ఓడలో పడుకుని, ఎవరిచేతా రాయించకుండా స్వయంగా రాసుకున్న వీలునామా. జ్వరం ఉన్నమాట నిజం. మతి మాత్రం స్థిమితంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేసేంత దగ్గరివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

తుప్పు పట్టిన ఇనుప తాడు పోగు పాదంలో దిగింది. విశాఖ రేవులో అందరం చేసేట్టే గ్రీజు అద్ది గుడ్డ కట్టాను. అది లోపలే చీము పట్టింది. కంపెనీవారికీ ఈ రేవువారికీ తగవు తేలేదాకా ఎవరూ దిగకూడదట. మందుల పెట్టెలో దూది తప్ప ఏమీ లేదు. రాత్రిపూట ఒడ్డున ఆసుపత్రి దీపాలు ఇక్కడికి కనిపిస్తాయి.

1. కూర్మన్నపాలెంలో నాకున్న ఇంటి స్థలం మా అక్క జోగమ్మకు చెందవలెను. మా భూమి ఉక్కు ఫ్యాక్టరీ కిందకు పోయినప్పుడు "సంద్రం మీద ఏటుందిరా నీకు? నా గుమ్మంలో పడుండు" అన్న మనిషి ఆమె ఒక్కతే. అమ్మే హక్కు బావకు లేదు.

2. నా పెట్టెలోని మడత గొడుగు మేనకోడలు గౌరీశ్వరికి. బడికి తడుస్తూ వెళ్ళే పిల్లకని కొన్నాను.

3. నా రోజువారీ లెక్కల పుస్తకాలతో పొయ్యి రాజేసుకోవచ్చు. వాటిలో బియ్యం, బీడీలు, సబ్బులు తప్ప ఏమీ లేవు.

4. రేడియో ఈ ఓడ వంటవాడు గవర్రాజుకు. గోదావరి మనిషి. నా యాసను వెక్కిరిస్తాడని అతనితో పొత్తు పెట్టుకోలేదు. ఇప్పుడు రోజూ ఉప్పునీళ్ళు కాచి కాలు కడిగేది అతనే. "ఏటి బావా, నాను సచ్చిపోతన్నానేటి అని ఏడుత్తన్నావా? లెగు, గంజి తాగు" అంటాడు. ఆ వెక్కిరింత వినపడకపోతే నాకు తోచడం లేదు.

5. ఈ వీలునామా అమలుపరచవలసినది బావ శ్రీరామ్మూర్తి. అమ్మ పోయినప్పుడు నేను ఓడ మీద ఉన్నాను. నాకోసం ఆగకుండా కర్మ చేసేశాడని అతనితో మాట మానేశాను. బావా, నాకోసమూ ఆగవద్దు. శవం వస్తుందని ఎదురుచూడవద్దు. కబురు అందగానే కానిచ్చేయి.

6. నన్ను సముద్రంలో దింపితే నాకు అభ్యంతరం లేదు. అక్కకు మాత్రం ఒడ్డున దహనం చేశారని చెప్పవలెను. ఆమెకు చదువు రాదు గనుక చదివి వినిపించేటప్పుడు ఈ అంశం వదిలేయవలెను.

ఓడల పక్కన సరుకు హద్దు గీతకు రంగు వేయడం నా పని. నీళ్ళు ఆ గీత దాటితే ఓడ కదలకూడదు. పుండు ఎరుపు ఎంతవరకు పాకిందో గవర్రాజు చేత రోజూ పొద్దున్నే కాలి మీద పెన్సిలుతో గీయిస్తున్నాను. అది వెనక్కి తగ్గితే నేనే వచ్చి ఈ కాగితం చించేస్తాను. బావ ఇంటికే వస్తాను.

తేదీ: 9 ఆగస్టు 1982, ఓడ మీద.

(సం.) యల్లపు నీలకంఠం

సాక్షులు:

డిసౌజా, ఇంజను గది. ఇతనికి తెలుగు రాదు. సంతకం చేయడం చూశాడు.

గవర్రాజు, వంటవాడు. నా ఎదుటే సంతకం చేశాడు. మతి బాగానే ఉంది, గంజిలో ఉప్పు లేదని నన్ను తిట్టాడు. ఇవాళ్టి గీత నిన్నటిదానికి పైన పడింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. మోకాలు ఇంకా దాటలేదు.